ఆగిన చోట్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సేవలు చేయించుకున్నది సర్వర్. వంటింటి పక్కన సామాన్ల గదిలో, పాత బీరువాకీ గోడకీ మధ్య, చెక్కబల్ల మీద ఉండేది. పన్నెండేళ్ళ కిందట మా బావ నాలుగు పాత కంప్యూటర్ల విడిభాగాలు ఏరి, తన చేత్తో బిగించిన యంత్రం. ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, వాటిలో మంచిది దానికి తిరిగేది. కిటికీకి తడి దుప్పటి కట్టడం, అది ఆరగానే మళ్ళీ తడపడం నా పని.

"కన్నతల్లిని కూడా ఇంత బాగా చూసుకోలేదురా నేను," అనేవాడు బావ, మెడ మీది చెమట తుడుచుకుంటూ.

"అది మాత్రం నిజం," అనేది మా అక్క.

ఆ యంత్రంలో ఉన్నవి గొంతులు. నత్తి ఉన్నవాళ్ళ గొంతులు. అక్కది ఆసుపత్రిలో మాట తడబడేవాళ్ళకి మాట సాధన చేయించే ఉద్యోగం. తన దగ్గర కాస్త బాగానే మాట్లాడినవాళ్ళు గడప దాటగానే మళ్ళీ మూగబోతున్నారని, వాళ్ళ కోసం ఒక సైటు పెట్టింది. అందులో ఎవరైనా తమ గొంతు రికార్డు చేసి పెట్టవచ్చు. పేపరు చదవచ్చు, పక్కింటివాళ్ళ మీద చాడీలు చెప్పవచ్చు, ఏదైనా సరే. షరతు ఒక్కటే: దిద్దకూడదు. మొదటిసారి ఎలా వస్తే అలాగే పెట్టాలి. వినేవాళ్ళూ నత్తివాళ్ళే కాబట్టి ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు. అలా మూడు వేల పైచిలుకు రికార్డింగులు చేరాయి. వాటిలో మొట్టమొదటిది నాది.

అవును, నాకూ నత్తి. రాసేటప్పుడు తెలియదు కదా. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గదిలో కూర్చుని, ఫ్రేముకి సరిపడేలా అద్దాల అంచులు అరగదీస్తాను. ముందు గదిలో పనిచేసేవాళ్ళు మాట్లాడాలి. వెనక గదిలో నాకూ అద్దానికీ మధ్య మాటలక్కరలేదు. క, గ అనే అక్షరాలు నాకు గోడల్లాంటివి. అందుకే హోటల్లో కాఫీ తాగాలనిపించినా టీ అనే చెబుతాను. నత్తివాళ్ళం కావలసింది అడగం, నోటికి వచ్చింది అడుగుతాం.

ఎండలు బాగా ముదిరాక ఇంటర్నెట్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇళ్ళలో ఉన్న కనెక్షన్లకి ఇకమీదట మారని చిరునామా ఇవ్వరట. రెండు నెలలు గడువు. చిరునామా రోజుకొకటి అయితే బయటివాళ్ళెవరూ మా సర్వర్‌ని వెతికి పట్టుకోలేరు. ఉత్తరం వచ్చిన నాలుగో రోజున యంత్రంలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. అందులో రెండు డిస్కులుండేవి, ఒకటి అసలు, ఒకటి నకలు. వేడికి నకలు డిస్కు పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

"కొత్త డిస్కు కొనండి," అంది అక్క.

"కొని ఏం చెయ్యను? ఇంకో రెండు నెలలు పోతే ఈ డబ్బా ఎవరికీ కనపడదు," అన్నాడు బావ. "హోస్టింగ్ కంపెనీలున్నాయి కదా. మన గొంతులన్నీ వాళ్ళ సర్వర్లలో పెట్టేద్దాం. చల్లటి గదులు, కరెంటు పోవడం ఉండదు, నకళ్ళు వాళ్ళే తీసుకుంటారు. మనం ఆ ఫ్యాన్ కింద హాయిగా పడుకోవచ్చు."

"పరాయి ఇంట్లో పెడదామంటారు."

"పరాయి ఇల్లేంటే. అద్దె ఇల్లనుకో."

అక్క తడి దుప్పటి అంచు పట్టుకుని కాసేపు నిలబడింది. సైటు మొదలుపెట్టిన రోజున అందరికీ ఒక మాట రాసింది తను. మీ గొంతు మా ఇంట్లో ఉంటుంది, మా ఇంట్లో మనిషిలాగే ఉంటుంది అని. ఆ మాట నమ్మి మాట్లాడినవాళ్ళు నాలుగు వందల మంది.

"అయితే మంచి ఇల్లు చూడండి," అంది చివరికి.

బావది లిఫ్టులు బాగుచేసే పని. ఎండాకాలం వస్తే ఊళ్ళో లిఫ్టులన్నీ ఒక్కసారే మొరాయిస్తాయి. పొద్దున్న వెళితే చీకటి గొట్టాల్లో వేలాడుతూ ఉంటాడు, అక్కడ ఫోన్ అందదు. అక్కకి సాయంత్రం దాకా రోగులు. మా దుకాణం మాత్రం ఎండకి జడిసి ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేవాళ్ళు. బావ మూడు కంపెనీల పేర్లు కాగితం మీద రాసి, కింద నాలుగు ప్రశ్నలు రాశాడు. చోటు ఎంత ఇస్తారు, నకళ్ళు ఎన్నాళ్ళుంచుతారు, ఇబ్బంది వస్తే ఫోన్ తీసేది మనిషేనా, మానేస్తే మన సామాను మనకిస్తారా. కాగితం నా చేతికిచ్చింది అక్క.

"మెయిల్ పెడతాను," అన్నాను.

"మెయిల్‌లో అందరూ మర్యాదస్తులేరా. రేపు ఏదైనా అయితే ఫోన్‌లో ఎలా మాట్లాడతారో తెలియాలి కదా. నువ్వే చెయ్యి."

అక్క కళ్ళలో ఆసుపత్రి చూపు కనపడింది. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పాలు తెమ్మని పంపినా, చుట్టాలొస్తే కుర్చీ వెయ్యమన్నా, అందులో ఎక్కడో నాకొక సాధన దాచి ఉంచేది. అక్కకి ప్రతిదీ వైద్యమే. వద్దనడానికి నోరు తెరిచాను. "వద్దు" రాలేదు. కాగితం తీసుకున్నాను.

మొదటి కంపెనీకి ఫోన్ చేస్తే యంత్రం ఎత్తింది. తియ్యటి గొంతుతో, మీకు ఏ సేవ కావాలో ఒక్క మాటలో చెప్పండి అంది. హోస్టింగ్ అనాలి. "హో" దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాను. "క్షమించండి, మీ మాట వినపడలేదు. మళ్ళీ చెప్పండి." మళ్ళీ అక్కడికే వచ్చాను. మూడోసారి కూడా క్షమించమని అడిగి, ధన్యవాదాలు చెప్పి, లైను తెంచేసింది. సాయంత్రం ఈ సంగతి చెబితే బావ పడీ పడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక పెన్ను తీసి ఆ కంపెనీ పేరు మీద గీత కొట్టాడు. కాగితం చిరిగేలా కొట్టాడు.

రెండో కంపెనీలో మనిషే ఎత్తాడు. కుర్రగొంతు, మాట పరుగు.

"న... న..." అన్నాను. నకళ్ళ గురించి అడగాలని.

"నమ్మకమా సార్? ఆ విషయంలో మేమే నెంబర్ వన్."

"నక..."

"నకిలీయా? అబ్బే, మా దగ్గర అంతా ఒరిజినల్ సార్."

నేను నవ్వానో ఏడ్చానో తెలియని చప్పుడొకటి చేశాను. "సార్, మీకు సిగ్నల్ సరిగ్గా లేనట్టుంది, బయటికొచ్చి చెయ్యండి," అని పెట్టేశాడు. నేను నడివీధిలో, ఎండలో, బయటే ఉన్నాను.

మూడో కంపెనీకి చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ఒక ఆవిడ ఎత్తింది. నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. "హలో, హలో" అంటుందని ఎదురుచూశాను. అనలేదు. కీబోర్డు చప్పుడు లేదు, నిట్టూర్పు లేదు. ఎంతసేపయిందో తెలియదు. "వింటున్నానండి, చెప్పండి," అంది ఒకే ఒక్కసారి, నెమ్మదిగా. ఆ తర్వాత నాలుగు ప్రశ్నలూ అడిగాను. కాగితం చివరిదాకా వెళ్ళాను. నకళ్ళు ఏడు రోజులుంచుతామంది. ఫోన్ పెట్టేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అయినా వెళ్ళి మూసిన దుకాణం మెట్ల మీద కూర్చుని, ఒక్కణ్ణే కాసేపు నవ్వుకున్నాను.

"ఇదే తీసుకుందాం," అన్నాను ఇంట్లో.

బావ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "వీళ్ళిచ్చే చోటు బొటాబొటిగా ఉందిరా. ఆ రెండోవాడు రెట్టింపు ఇస్తున్నాడు. నకళ్ళు కూడా నెల రోజులుంచుతాడట, వాళ్ళ సైటులో రాసుంది."

"ఆవిడ ఆగింది," అన్నాను.

బావ అక్క వైపు చూశాడు. అక్క నా వైపే చూస్తోంది. నేను ఫోన్ చేసి వచ్చినందుకు ఆమె ముఖం వెలిగిపోతోంది. చోటు గురించి గానీ నకళ్ళ గురించి గానీ తను విన్నట్టే లేదు.

"అయితే అదే," అంది.

ఖాతా తెరిచే రోజున ఆవిడే ఫోన్ చేసింది. నేను దుకాణం వెనక గదిలో, అరగదీసే చక్రం ఆపి కూర్చున్నాను. ఒక్కొక్క సంగతీ అడుగుతూ, నింపుతూ నలభై నిమిషాలు పట్టింది. ఏం ఫైళ్ళండి అని అడిగింది. ఆడియో అన్నాను. ఎలాంటి ఆడియో అని అడగలేదు, నత్తివాళ్ళవి అని నేనూ చెప్పలేదు. అప్పటికి అరగంట నుంచి నా నత్తి వింటున్న మనిషికి కూడా ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

నాలుగవుతోంది. ముందు గదిలో మా యజమాని షట్టరు ఎత్తుతున్న చప్పుడు.

"ఇంకొక్కటే అండి," అంది ఆవిడ. "మీ ప్లాన్‌లో ఆడియో శుభ్రం చేసే సదుపాయం ఉచితంగా వస్తుంది. ఫైళ్ళు తేలికవుతాయి, మీకు చోటు కూడా మిగులుతుంది. ఆన్ చెయ్యమంటారా?"

చోటు బొటాబొటిగా ఉందన్న బావ మాట గుర్తొచ్చింది. అయినా ఒక అనుమానం వచ్చింది. వచ్చిందని ఒట్టేసి చెప్పగలను. దానివల్ల గొంతుకి ఏమన్నా అవుతుందా అని అడగాలనుకున్నాను. "గ" దగ్గర దవడ బిగుసుకుపోయింది. ఆవిడ ఆగింది. ఎప్పటిలాగే ఆగింది. ఇంకో మాట వెతుక్కున్నాను. క్వాలిటీ అందామంటే అదీ గోడే. ముందు గదిలోంచి యజమాని నన్ను పిలుస్తున్నాడు, ఎవరో కళ్ళజోడు కోసం వచ్చినట్టున్నారు. స అక్షరం నాకు ఎప్పుడూ అడ్డు చెప్పదు.

"సరే," అన్నాను.

"మంచిదండి," అంది ఆవిడ.

ఫైళ్ళు పంపడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ బావ పనిలోంచి రాగానే చెప్పులతోనే సామాన్ల గదిలోకి వెళ్ళి, ఎన్ని చేరాయో చూసి వచ్చేవాడు. దుప్పటి గంటకోసారి తడిపాం. చివరి రోజున ఇక్కడి లెక్కా అక్కడి లెక్కా పక్కపక్కన పెట్టి చూశాడు. మూడువేల నూటనలభై ఆరు, ఇటూ అటూ. అక్క ఒకట్రెండు నొక్కి చూసింది, పలికాయి. "ఇల్లు మారాం, మనుషులం మారలేదు," అని అందరికీ రాసింది. జవాబులు బోలెడొచ్చాయి.

యంత్రాన్ని ఆపేశాం. మర్నాడు దాన్నోసారి చూద్దామని బావ మళ్ళీ పెడితే, ఇసుక నమిలినట్టు చప్పుడు చేసి ఊరుకుంది. ఇంక తిరగలేదు.

"పోనీలే. బరువు దింపాకే పోయింది. మహాతల్లి," అన్నాడు బావ, మూత మీద చెయ్యి వేసి.

మంచి ఫ్యాన్ హాల్లోకి వచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం దాని కింద వరసగా పడుకుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం. ఆ వేసవి మొత్తంలో నాకు గుర్తున్న మంచి నిద్ర అదే.

గొంతులు పంపడం పూర్తయిన పదకొండో రోజున అక్కకి ఒక మెసేజీ వచ్చింది. సైటులో అద్దెకారు డ్రైవరు ఒకతను ఉన్నాడు, అయిదేళ్ళ నుంచి రికార్డింగులు పెడతాడు. "అక్కా, నా పాతది ఒకటి విన్నాను. నేను అప్పట్లోనే ఇంత బాగా మాట్లాడానా? మా ఆవిడకి వినిపిస్తే ఆమె కూడా నమ్మలేదు," అని రాశాడు. అక్క అది మాకు చదివి వినిపించి మురిసిపోయింది. తర్వాత అతని రికార్డింగు పెట్టుకుంది. రెండోసారి పెట్టింది. ఇంకెవరిదో పెట్టింది. నేను కూరగాయల సంచి లోపల పెట్టి వచ్చేసరికి చెవులకి పెట్టుకున్నది తీసి నా వైపు చాపింది.

"నీది విను."

నా మొదటి రికార్డింగులో నేను చెప్పేది నా పేరూ, నేను చేసే పనీ, అంతే. అందులో నా పేరు చెప్పడానికి నలభైయొక్క సెకన్లు పడుతుంది. అక్క ఆ లెక్క ఎంతమందికి చెప్పిందో. ఇతన్ని చూడండి, నలభైయొక్క సెకన్లు వదలకుండా నిలబడ్డాడు అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది.

విన్నాను. గొంతు నాదే. పేరు నాదే. నాలుగు సెకన్లలో అయిపోయింది. ఎవరో నా వేషం వేసుకుని, నాకు రాని పని చేసి చూపించినట్టుంది.

అక్కే కంపెనీకి ఫోన్ చేసి, మాకూ వినపడేలా బల్ల మీద పెట్టింది. ఆవిడే ఎత్తింది. అంతా విని, చూసి చెబుతానని వెళ్ళి, కాసేపటికి మళ్ళీ లైనులోకి వచ్చింది.

"అది శుభ్రం చేసే సదుపాయం పనండి. చప్పుడు లేని చోటు ఎక్కువసేపు ఉంటే ఖాళీ అనుకుని సిస్టమ్ తీసేస్తుంది. ఒకే శబ్దం పదే పదే వస్తే రికార్డింగులో లోపం అనుకుని ఒకటే ఉంచుతుంది."

"అయితే పాతవి మాకు వెనక్కివ్వండి."

"ఏడు రోజుల నకళ్ళే ఉంటాయండి మా దగ్గర. మీవి శుభ్రం అయి ఇవాళ్టికి పదకొండో రోజు."

ఆవిడే మళ్ళీ అంది, "అవి ఇలాంటివని నాకు తెలియదండి. తెలిసుంటే పెట్టొద్దనేదాన్ని. మీవాళ్ళని అడిగే పెట్టాను. ఇక్కడ రాసి ఉంది, సరే అన్నారని."

అక్క నా వైపు చూసింది. ఆవిడకి థాంక్స్ చెప్పింది, నిజంగానే చెప్పింది, ఫోన్ పెట్టేసింది.

"ఏ అక్షరం?" అని అడిగింది.

"గ," అన్నాను. అప్పుడు మాత్రం వచ్చింది.

అక్క తల ఊపింది. లేచి సామాన్ల గదిలోకి వెళ్ళి, కిటికీకి ఇంకా వేలాడుతున్న దుప్పటి విప్పి, మడతపెట్టడం మొదలుపెట్టింది. అది ఎప్పుడో ఎండి అట్టలా అయిపోయింది, ఎన్నిసార్లు మడిచినా మడత నిలవదు. తను మడుస్తూనే ఉంది.

పాత గొంతులేమన్నా దొరుకుతాయేమోనని బావ మా యంత్రంలోని అసలు డిస్కుని గుడ్డలో చుట్టుకుని మూడు షాపులకి తిరిగాడు. మూడో షాపువాడు విప్పి చూపించాడట, లోపలి పళ్ళెం మీద చుట్టూ గీతలు పడి ఉన్నాయట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని తనే అన్నాడు. కొత్త డిస్కు కొనమని అక్క చెప్పిన మాట తను ఎత్తలేదు, అక్కా ఎత్తలేదు. ఫోన్ నా చేత చేయించింది తనే అన్న మాట అక్క ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. నా మాట సరేసరి. ఒకే ఫ్యాన్ కింద కూర్చుని ఎవరి తప్పు వాళ్ళం దాచుకుని అన్నం తిన్నాం. బావ జోకులు మానేశాడు. అంతకన్నా నన్ను భయపెట్టింది అక్కలో మార్పు. ఒకరోజు గ్యాసు బండ కోసం ఫోన్ చెయ్యాల్సి వచ్చి, నేను పక్కనే ఖాళీగా ఉన్నా తనే చేసేసింది. వీధిలో ఎవరో నన్ను దారి అడిగితే, నేను నోరు తెరిచేలోపు తనే చెప్పేసింది. ముప్ఫయ్యేళ్ళలో మా అక్క నా మాట అందుకోవడం అదే మొదటిసారి.

సైటువాళ్ళకి సంగతి చెప్పాలి. అక్క మెయిల్ రాయడానికి కూర్చుని రెండు రోజులు నాలుగు వాక్యాల దగ్గరే ఉంది.

"నంబర్లు ఉన్నవాళ్ళకి నేను ఫోన్ చేస్తాను," అన్నాను.

"వద్దులేరా. మెయిల్ పెడదాం."

"నే... నేను చేస్తాను."

తను ఒప్పుకోలేదు, వద్దని కూడా గట్టిగా అనలేదు. నంబర్ల పుస్తకం బల్ల మీదే వదిలి ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

రోజూ మధ్యాహ్నం దుకాణం మూశాక నాలుగైదు ఫోన్లు చేసేవాణ్ణి. ఇద్దరు నత్తివాళ్ళు ఫోన్‌లో మాట్లాడుకోవడం బయటివాళ్ళు వింటే లైను పోయిందనుకుంటారు. ఒకతను అంతా విని, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట," అని నవ్వాడు. ఒకామె సంతోషించింది, అలాగే ఉంచెయ్యమంది, పెళ్ళి సంబంధాలవాళ్ళకి పంపుకుంటానంది. ఒకాయన నావన్నీ తీసెయ్యండి, అవి నావి కావు అన్నాడు. ఒక అమ్మాయి ఏమీ అనకుండా పెట్టేసింది. అద్దెకారు డ్రైవరుకి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. "అయితే నేనప్పుడు బాగా మాట్లాడలేదన్నమాట," అన్నాడు. లేదన్నాను. "మా ఆవిడకి చెప్పకండి," అన్నాడు.

తొలి వానలు పడే నాటికి పుస్తకంలో ఇంకో పది పేర్లు మిగిలాయి. వాటిలో ఒకటి కండక్టరు గారిది. సైటులో అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు. ముప్ఫయ్యేళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి. తను స్టాపు పేరు పలికేలోపు స్టాపు దాటిపోయేదని, దిగాల్సినవాళ్ళు తన పెదాలు చూసి ముందే లేచి నిలబడేవాళ్ళని, తన మీద తనే చెప్పుకునేవాడు. రెండేళ్ళ కిందట పోయాడు. ఆయనవి నూటపది రికార్డింగులున్నాయి. ఆయన పోయినా నంబరు కొట్టేయలేదు అక్క.

ఆయన భార్య ఎత్తింది. వెనక కుట్టుమిషను తిరుగుతోంది.

"ఎవరు బాబూ?"

చెప్పడం మొదలుపెట్టాను. మిషను చప్పుడు ఆగిపోయింది. నేను ఎవరో, ఏం జరిగిందో, మొత్తం చెప్పేసరికి బయట చినుకు పట్టి, వెలిసి, మళ్ళీ పట్టింది. సరే అన్నది నేనేనని కూడా చెప్పాను. మిగతావాళ్ళెవరికీ అది చెప్పలేదు.

"ఆయన గొంతు ఉంది కదా?" అంది.

"ఉందండీ."

"మాటలు?"

"మాటలన్నీ ఉన్నాయండీ. ఆగిన చోట్లే పోయాయి."

ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

"నేను వినేది అవే బాబూ," అంది. "మాటలు నాకు తెలీనివా. ఆ బస్సు కబుర్లు ఎన్నిసార్లు విన్నానో. ఆయన ఫోన్‌లో అలా రికార్డు చేస్తుంటే నేను పక్కనే మిషను కుట్టుకునేదాన్ని. మాట తట్టుకున్నప్పుడల్లా ఇబ్బంది పడతారని మిషను ఆపేసేదాన్ని. ఇంక ఇంట్లో చప్పుడుండదు. మాట వచ్చేదాకా ఇద్దరం అలా కూర్చునుండేవాళ్ళం. మధ్యాహ్నం పూట పనేం లేకపోతే అది పెట్టుకుని కూర్చుంటాను. ఈ వేసవిలో పెళ్ళిళ్ళ బట్టలతో తీరిక చిక్కక వినలేదు."

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. అంతకన్నా చెయ్యడానికేం కనపడలేదు.

"నేను చెప్పేది విను బాబూ," అంది ఆవిడ, నన్ను ఓదారుస్తున్నట్టు. "మేం కుట్టేవాళ్ళం. కత్తిరించిన పీలిక కూడా పారెయ్యం. ఓ సంచిలో వేసి మూలన పెడతాం, ఎప్పటికైనా పనికొస్తుందని. ఆ కంపెనీవాళ్ళు కూడా తీసినవన్నీ ఎక్కడో ఓ పక్కన పెట్టే ఉంటారు. అంత చదువుకున్నవాళ్ళు ఊరికే పారేస్తారా. ఆయనవి ఏ సంచిలో ఉన్నాయో ఒక్కసారి అడిగి చూడు. నేనే వచ్చి ఏరుకుంటాను, తొందరేం లేదు."

అలాంటి సంచి ఏదీ ఉండదని చెప్పాలి. ఆ యంత్రం తీసినదాన్ని లేనిదానికిందే లెక్కకట్టిందని, లేనిదాన్ని ఎవరూ దాచరని చెప్పాలి. "ఉండ" దాకా వెళ్ళాను. అక్కడ నాలుక పైకి అంటుకుపోయింది. అవతల ఆవిడ చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

"అడుగుతానండీ," అన్నాను.

ఆ మాట ఎక్కడా ఆగకుండా వచ్చింది.